మాయాబందర్‌లో కనకలేఖ చావలేదు

నూకరత్నానికి ఒక కన్ను పోయిన ఏడాదే పోయింది. రెండో కంట్లో, తలుపు సందులోంచి చూస్తే కనిపించినంత లోకం మిగిలింది. నీటికాసులు, అదే గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ డాక్టరు తేల్చేశాడట. ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పి, “టీచరమ్మా, మా సినిమా ఒక్కపాలి సూపించగలవేటి? సివరి సీను సూసేస్తే సాలు” అంది. తిరుపతి తీసుకెళ్ళమనలేదు, కాశీ చూపించమనలేదు. సినిమా అడిగింది. అందుకని డెబ్బై దాటిన ఈ వయసులో, నడుముకు బెల్టు కట్టుకుని, పోర్ట్‌బ్లెయిర్ నుంచి మాయాబందర్ బస్సెక్కాను. (పోర్ట్‌బ్లెయిర్‌కు కొత్త పేరొచ్చింది. నా నోరు పాతది.) పగడపు దిబ్బలూ, నీలి సముద్రం కోసం ఈ పేజీ తెరిచినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు. దారి మాత్రం చెబుతాను, అది అందరికీ పనికొస్తుంది.

నూకరత్నం ఎవరో ముందు చెప్పాలి. నేను విజయనగరం నుంచి తెలుగు టీచరుగా ఈ దీవులకొచ్చినప్పుడు నాకు పడ్డ మొదటి ఊరు మాయాబందర్. జెట్టీకి పైన వాళ్ళింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. ఆమె ఇక్కడే పుట్టింది. బళ్ళో పిల్లలకు అన్నం వండే పని చేసి రిటైరైంది. పెళ్ళి కాలేదు. ఊళ్ళో ఆమెను నూకరత్నం అని పిలిచినవాళ్ళను నేను చూడలేదు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, బర్మా నుంచి వచ్చి స్థిరపడ్డ కరేన్‌లు, అందరికీ ఆమె కనకలేఖే. పిల్లలకైతే కనకలేఖ దీదీ. రేషను కార్డు చూసేదాకా నేనూ అదే అసలు పేరనుకున్నాను.

ఆ పేరు ఒక పాత రాజుల సినిమాలోది. సినిమా పేరు చెప్పను. మీరు వెతికి చూసి నన్ను తిట్టుకోవడం ఎందుకు. నూకరత్నం ఈడొచ్చిన పిల్లగా ఉన్నప్పుడు రీళ్ళ పెట్టె ఓడలో వచ్చిందట. జెట్టీ దగ్గర మైదానంలో తెల్లగుడ్డ కట్టి వేశారు. పెట్టె తిరిగి తీసుకెళ్ళాల్సిన ఓడ తుఫాను వల్ల రాలేదు. వేరే సినిమా లేదు. వాన తెరిపిచ్చిన ప్రతి సాయంత్రం అదే సినిమా. ఊరు ఊరంతా మాటలు కంఠతా పట్టేసి, తర్వాత అమ్మవారి పండక్కి అదే కథను నాటకం కట్టారు. కనకలేఖ వేషం నూకరత్నం వేసింది. ఆ రోజు అంటుకున్న పేరు మళ్ళీ ఊడలేదు.

కథ నేను ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. సినిమా మాత్రం చూడలేదు. మా నాన్నగారు అలాంటి ఆడదాని సినిమాకు మమ్మల్ని గడప దాటనిచ్చే మనిషి కాదు. ఆమె చెప్పే కథ ఇదీ. మొదటి జన్మలో కనకలేఖ రాజుగారి అంతఃపురానికి పాలగ్లాసు పట్టుకెళుతుంది. రాజు ఆ పాలు ఆమె చేతే తాగిస్తాడు. అందులో విషం. పాపం, ఆమె పడిపోతుంది. రెండో జన్మలో అదే రూపంతో పుట్టి, అదే రాజు కొలువులో నాట్యగత్తెగా చేరుతుంది. కళ్ళతో ఒకణ్ణి, నవ్వుతో ఒకణ్ణి, చాడీలతో ఇంకొకణ్ణి పడగొట్టి, రాణిని రాజుకు దూరం చేసి, సేనాపతిని చెరలో వేయిస్తుంది. ఆఖరికి రాణికి పెట్టడానికని విషం కొంటుంది. కొన్నాక మనసు మారిపోతుంది. నగలు వదిలేసి, నూలుచీర కట్టుకుని తల్లి గుడిసెకు వచ్చేస్తుంది. సందెదీపం పెట్టి, “అమ్మా, ఈ చేత్తో ఎవరికీ కీడు చెయ్యను” అంటుంది. తల్లి ఆమె జడ విప్పి తల దువ్వుతుంది. అంతే, అయిపోయింది.

ఆ తల దువ్వడం నూకరత్నం చెబుతుంటే నేను నోట్లో ముద్ద మరిచిపోయిన రోజులున్నాయి. ఆ ఊళ్ళో ‘కనకలేఖ’ అని పిలవడమంటే ‘బంగారు తల్లీ’ అని పిలవడమే. సినిమా నెట్‌లో దొరుకుతుందని మాత్రం నాకు తోచలేదు. పోర్ట్‌బ్లెయిర్ పక్కన గరాచర్మలో మా అమ్మాయి ఇంట్లో ఉంటాను. నా మనవరాలు బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో అక్షరమూ ఏరుకుంటూ తెలుగు చదువుతుంది. అదే కూర్చుని, వెతికి, ఎవరో పెట్టిన పాత ప్రింటు పట్టి ట్యాబ్‌లో ఎక్కించింది. ముందు మనం చూద్దాం అమ్మమ్మా అంది. వద్దన్నాను. నూకరత్నంతో కలిసి చూడాలని దాచుకున్నాను.

ఇక దారి. మాయాబందర్ బస్సులు మోహన్‌పురా బస్టాండు నుంచి తెల్లవారకముందే కదులుతాయి. ప్రభుత్వ బస్సు టికెట్టు మూడు వందల చిల్లర. ఏసీ ప్రైవేటు బస్సుకు దాదాపు రెట్టింపు. నేను ప్రభుత్వ బస్సే ఎక్కాను, ఎందుకంటే దాని కిటికీలు తెరుచుకుంటాయి. కొన్ని మూసుకోవు కూడా. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ వరసకట్టి ఆగుతాయి, ఆరింటికి మొదటి వరస వదులుతారు. అక్కడ నుంచి జారవా ఆదివాసుల అడవి. ఫొటోలు తీయకూడదు, బండి ఆపకూడదు, చెయ్యి బయట పెట్టకూడదు. నా పక్కన కూర్చున్న హైదరాబాదు కుర్రాడు ఫోను చేతిలో పట్టుకుని “ఒక్కళ్ళయినా కనిపిస్తారాండీ” అని అడిగాడు. మీ వీధిలోకి బస్సు వేసుకొచ్చి మీ నాయనమ్మ కనిపిస్తుందా అని ఎవరైనా అడిగితే ఎలా ఉంటుంది బాబూ అన్నాను. ఫోను జేబులో పెట్టి నిద్ర నటించాడు. కాసేపటికి నిజంగానే నిద్రపోయాడు.

అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ జెట్టీలో బస్సునూ మనల్నీ కలిపి బల్లకట్టు లాంటి ఫెర్రీ మీద బారటాంగ్ ఒడ్డుకు చేరుస్తారు. మడ చెట్ల వేళ్ళు నీళ్ళల్లో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టుంటాయి. అక్కడ రెయిలింగు పట్టుకుని నిలబడితే నాకు పాలగ్లాసుల సంగతి గుర్తుకొచ్చింది. నూకరత్నం ఆ సంగతి నాకు చెప్పింది ఒక్కసారే. నాటకం వేసిన మరుసటేడు పోర్ట్‌బ్లెయిర్‌లోని దిగ్నాబాద్ నుంచి పెళ్ళిచూపులకు వచ్చారట. పిల్లాడు, తల్లి, మేనమామ, ఓడ దిగి నేరుగా ఇంటికి. పిల్లాడు మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం, ఆమె వంక చూసి చిన్నగా నవ్వాడు కూడా. ఆ రోజుల్లో మాయాబందర్‌లో పాలు దొరకడమే గొప్ప. వాళ్ళ నాన్న ఎక్కడో సంపాదించి తెచ్చాడు. పక్కింటివాళ్ళు ముద్దుగా, “కనకలేఖా, పాలు పట్టుకురా” అని కేకేశారు. పిల్లాడి తల్లి ముఖం చిట్లించి అదేం పేరంది. ఈమె సిగ్గుపడకుండా, “నన్ను అందరూ అలాగే పిలుస్తారు అత్తా, నేనూ ఆవిడలాగే ఉంటాను” అని గ్లాసు చేతికిచ్చింది.

ఎవరూ తాగలేదు. గ్లాసులు కింద పెట్టారు. పాల మీద మీగడ కట్టింది. వాళ్ళు సాయంత్రం ఓడకే వెళ్ళిపోయారు, మళ్ళీ కబురు లేదు. తర్వాత ఏ సంబంధమూ ఆ గుమ్మం దాకా రాలేదు. “నా ముఖంలో ఏటి సూసినారో టీచరమ్మా, పాలు కూడా ముట్టుకోలేదు” అని మాత్రం అంది. పారబొయ్యడానికి చేతులు రాక ఆ పాలు తనే తాగేసిందట.

రంగత్‌లో భోజనానికి ఆపారు. బస్టాండు ఎదుటి హోటల్లో చేపల కూర, అన్నం నూట యాభై లోపు. వండేది మన సోంపేట వైపు పిల్ల, పుట్టింది రంగత్‌లోనే. మాట సగం తెలుగు, సగం హిందీ. ముల్లు లేని ముక్క వెయ్యమ్మా అంటే, “ముల్లు లేని మచ్ఛీ ఎక్కడుంటాది మాజీ, ఉంటే నానే తినేద్దును” అంది. పులుసు మాత్రం బాగుంది. అక్కడి నుంచి మాయాబందర్ రెండు గంటల పైమాట, రోడ్డు గుంతలను బట్టి. మధ్యాహ్నం మూడింటికి దిగాను. ఆటో అతను ఎక్కడికన్నాడు. నూకరత్నం ఇల్లంటే బుర్ర గోక్కున్నాడు. కనకలేఖ అన్నాను. “అరే, దీదీ ఇల్లా, ముందే చెప్పాలి కదా” అని నా సంచి తనే ఎక్కించుకున్నాడు.

నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఉంది. జడ వేసుకుని, పువ్వు పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టింది. సినిమాకు తయారైంది. ఆమె తమ్ముడి భార్య అప్పలనరస ఆ ఇల్లు నడిపే మనిషి. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేసి పెట్టింది. “పొద్దున్నించి అన్నం తినలేదు మా వదిన, పెళ్ళికూతురికి మల్లే” అని నాకు ఫిర్యాదు చేసింది. “నీకేటి తెలుస్తాది, నువ్వు కలర్ సినిమాల దానివి” అని నూకరత్నం కొట్టిపారేసింది. ట్యాబు ఆమె ముక్కుకు జానెడు దూరంలో, మిగిలిన ఆ కంటి సందుకు ఎదురుగా పట్టుకున్నాను. చేయి నొప్పి పుడితే అప్పలనరస పట్టుకుంది.

సినిమా మొదలైంది. మొదటి జన్మ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం. రాజు, కొలువు, వేట. తర్వాత ఒక గుడిసె. నూలుచీరలో ఒక పిల్ల సందెదీపం పెడుతోంది. పక్కన తల్లి.

నూకరత్నం గట్టిగా నవ్వింది. “ఇదేటి, సివర్ది ముందే ఏసేసినారు? నెట్టోళ్ళకి బుర్ర లేదు.”

నేనూ అదే అనుకున్నాను. ఎవరో అతుకులు తప్పుగా వేసి పెట్టి ఉంటారని. దీపం వెలిగింది. ‘ఈ చేత్తో ఎవరికీ కీడు చెయ్యను’ అంది ఆ పిల్ల. తల్లి తల దువ్వింది. నూకరత్నం ఆ మాటలు తెర కన్నా ముందే తను అనేసి, కళ్ళొత్తుకుంది. ఇంతలో గుమ్మం ముందు రాజుగారి మనుషులు వచ్చి నిలబడ్డారు. నాట్యానికి పిల్లను పంపమన్నారు. తల్లి ఏడుస్తుంటే ఆమె పల్లకీ ఎక్కింది. ఈ పల్లకీ సంగతి నూకరత్నం నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె వైపు చూశాను. “తల దువ్వగానే రీలు తెగిపోయేది. తెర తెల్లగా అయిపోతే అందరం లేచిపోయేవోళ్ళం” అంది, కొంచెం అనుమానంగా.

తర్వాత అంతా ఆమె చెప్పినట్టే నడిచింది. కళ్ళు, నవ్వు, చాడీలు. ఆ నటి ఎవరో గానీ, తమలపాకు మడిచి ఇస్తూ ఒక రాజ్యం కూల్చింది. నాలాంటి మొండిదానికి కూడా ఆ ఆకు తినాలనిపించింది. విషం కొన్నది. నూకరత్నం నా మణికట్టు పట్టుకుంది. వెంటనే ఆమె చేతిలో పాలగ్లాసు. “కలపదు,” అంది నూకరత్నం. కలిపింది. వెండి గ్లాసు పట్టుకుని నవ్వుతూ రాణి గదికి నడిచింది. రాజు అడ్డొచ్చాడు. “ఇది మొదటి జన్మ,” అంది నూకరత్నం, మెల్లగా. ఆ పాలు ముందు నువ్వే తాగమన్నాడు రాజు. తాగింది. పడింది. ఒక్కరూ ఆమె వైపు తిరగలేదు. రాజు, రాణి చేతులు పట్టుకున్నారు. పడి ఉన్న ఆమె మీదనే ‘శుభం’ అని పెద్ద అక్షరాలు పడ్డాయి.

బయట జెట్టీ వైపు ఏదో పడవ ఇంజను కొట్టుకుంటూ ఆగిపోయింది.

“ఏటి రాసినారక్కడ?” అని అడిగింది. నూకరత్నం చదువుకోలేదు. శుభం అని చెప్పాను, సినిమా అయిపోయిందని వేస్తారన్నాను.

“ఆ అచ్చరాలు మాకు మొదట్లోనే వొచ్చినాయి టీచరమ్మా. ఈ పిల్ల పడిపోగానే. ఒక జన్మ అయిపోనాది, అందుకేసినారు అనుకున్నాం. ఊరంతా అనుకున్నాం.”

అప్పుడు నాకు అర్థమైంది, ఆమెకూ అప్పుడే అర్థమైంది. రెండో రీలు, ఆఖరి రీలు తారుమారయ్యాయి. ఓడలో తడిసి మూతలు మారాయో, ఎవరు మార్చారో. మిషన్ తిప్పే ఆయనకు తెలుగు రాదు. మూత మీద అంకె చూసి వేశాడు. మొదటి రోజు ఎలా వేశాడో, ఆ వానాకాలమంతా అలాగే వేశాడు. రెండో రీల్లో చచ్చిపోయిన పిల్ల మూడో రీల్లో లేచి నాట్యం చేస్తుంటే, మాయాబందర్ జనం గొడవ చెయ్యలేదు. పూర్వజన్మ అని సర్దుకున్నారు. చంపినవాడి మీద పగ తీర్చుకోవడానికి పుట్టిందన్నారు. పల్లకీ వచ్చేలోపే రీలు కట్టయింది కాబట్టి, ఆమె ఇల్లు చేరిందన్నారు. తీసినవాళ్ళ కన్నా మంచి సినిమా వీళ్ళు చూశారు. దాన్ని ప్రేమించారు. ఒక ఆడపిల్లకు ఆ పేరు పెట్టుకున్నారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో మాత్రం రీళ్ళు సరిగానే తిరిగాయి.

నూకరత్నం ఆ మాట నాకన్నా ముందే పట్టుకుంది. “దిగ్నాబాదోళ్ళు ఇది సూసినారు” అంది. “ఆవిడలాగే ఉంటాను అత్తా అన్నాను. అని పాలిచ్చినాను.” మళ్ళీ తనే, “మరి తాగుతారేటి?” అంది.

ఆమె ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. నాకు తోచిందల్లా, వేలితో ట్యాబు మీద గీత వెనక్కి జరిపి, దీపం సీను దగ్గర ఆపడం. చూడు, మళ్ళీ వేస్తాను, పల్లకీ రాకముందే ఆపేస్తాను, మీ ఊళ్ళో చూసినట్టే ఉంటుంది అన్నాను. ఇంత చదువుకున్నదాన్ని, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాను.

“ఒద్దు. సూసేసినాను గదా. ఇంకెన్నిసార్లు ఏసినా అది రెండో రీలే” అంది.

జడలో పువ్వు తీసి పక్కన పెట్టింది. తర్వాత మరదలితో, రేపటి నుంచి నన్ను ఆ పేరుతో పిలవొద్దని అందరికీ చెప్పమంది. అప్పలనరస నోరు గట్టిది గానీ మనసు మెత్తన. చాలాసేపు దుప్పట్లు విప్పుతూ, “ఎంతమందికి సెప్పాలి వదినా. నూకరత్నం అంటే మన పాలోడు కూడా గుమ్మం ఎరగడు” అని మాత్రం అంది. నిజమే. ఆ ఊళ్ళో నూకరత్నం అనే మనిషి ఎవరికీ తెలియదు. ఇప్పుడు కనకలేఖ కూడా లేదు.

ఆ ఇంట్లో నేను ఎప్పుడు వెళ్ళినా అన్నం తిన్నాక బెల్లం వేసిన వేడిపాలు ఇవ్వడం ఆమె పద్ధతి. అద్దెకున్న రోజుల నుంచీ అంతే. అడిగేది కాదు, తెచ్చి చేతిలో పెట్టేది. ఆ రోజూ గోడ తడుముకుంటూ వంటింట్లోంచి తెచ్చింది. తెచ్చి, చేయి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, “తాగుతావా టీచరమ్మా?” అని అడిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగింది. గ్లాసు లాక్కుని అక్కడే నిలబడి తాగాను. నాలుక కాలింది. ఆమె కన్ను నన్ను చూడటానికి చాలదు. తల పక్కకు వంచి, నేను గుటకలు వేసే చప్పుడు వింటూ నిలబడింది. చివరి గుటక దాకా వింది.

మర్నాడు తెల్లవారుజామునే తిరుగు బస్సు. కండక్టరు టికెట్టు కొడుతూ, కనకలేఖ దీదీ కళ్ళెలా ఉన్నాయి మాజీ, నా చిన్నప్పుడు ఆవిడ చేతి కిచిడీ తిని పెరిగాను అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, ఆ పేరు వద్దని చెప్పడానికి నోరు రాలేదు. దారంతా దిగ్నాబాద్ వెళ్ళి ఆ ఇంటి తలుపు కొట్టాలని అనుకుంటూనే ఉన్నాను. అమ్మా, ఆ పిల్లకు ఆఖరి రీలు తెలియదు, పాలల్లో ఏమీ లేదు అని చెప్పాలని. ఎవరికి చెప్పను? ఆ తల్లి ఎప్పుడో పోయింది. నవ్విన ఆ పిల్లాడు పోయి కూడా చాన్నాళ్ళయింది. ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు మూడంతస్తులు, అన్నీ అద్దెకే. అడవిలోంచి వస్తుంటే నాకొకటి తోచింది. ఆమె జీవితమంతా, ఎందుకో తెలియని ఒక నొప్పితో బతికింది. కనీసం దానికి తోడు ఒక దీపం, తల దువ్వే తల్లి ఉండేవి. ఎందుకో ఇప్పుడు తెలిసింది గానీ, ఆ రెండూ నేను పట్టుకెళ్ళిన ట్యాబులో పోయాయి. చూపు పూర్తిగా పోయే లోపు ఆఖరుగా ఏం చూశావని ఎవరైనా అడిగితే, ఆమె ఏం చెప్పాలి?

వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. రంగత్ దాటాక ఫోను సిగ్నలు నమ్ముకోవద్దు. చూపించాల్సినవి ఏవైనా ఉంటే పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఎక్కించుకోండి. ఎక్కించుకున్నాక, ఎవరి కోసమైతే తీసుకెళ్తున్నారో వాళ్ళ కన్నా ముందు, మీరొక్కరే తలుపు వేసుకుని కూర్చుని చూడండి. శుభం పడేదాకా.